చంద్రుడు మింగిన చుక్క

నా మాటల్ని గుడ్డలో వేసి పిండితే బిందెడు మాటలకి చెంచాడు నిజం దిగుతుందని మా ఆవిడ అంచనా. మరీ తప్పుడు అంచనా అని నేననను. ముప్ఫై నాలుగేళ్ళు లారీ తోలినవాణ్ణి. రోడ్డు మీద మాట్లాడ్డానికి మనిషి దొరకడు, ఇంటికొచ్చాక దొరికిన చెవిని వదలను. వంతెన మీద మేక అడ్డొస్తే, అది మా వీధి మలుపు తిరిగేసరికి దున్నపోతయ్యేది. మర్నాటికి రెండయ్యేవి.

అలాంటి నేను పెళ్ళయ్యాక ఒకే ఒక్కసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. దాన్నే మా ఆవిడ నలభై ఒక్క ఏళ్ళు నమ్మలేదు. ఆ వ్యవహారం పోయిన వానాకాలంలో, మా ముందుగదిలో, పట్టపగలు తేలింది.

వానలు మొదలైన వారానికి మా అమ్మాయి రెండు పెట్టెలూ ఒక లాప్‌టాపూ పట్టుకుని దిగింది. వాళ్ళింటి పైకప్పు విప్పి కొత్తది వేయిస్తున్నారు, రెండు నెలలు మా దగ్గరే మకాం. బడిపిల్లల పుస్తకాలకి బొమ్మలు గీయడం దాని పని. ఆ ఏడు దాని వంతుకి ఆకాశం పాఠం వచ్చింది. బయట చూస్తే ఆకాశమే లేదు, గొంగళి కప్పినట్టు మబ్బు.

"నువ్వు గీయాల్సింది ఎవరో ఎత్తుకుపోయారే," అన్నాను.

"పర్లేదు నాన్నా, నా దగ్గర ఇంకోటుంది," అని లాప్‌టాపు తెరిచింది.

తెర మీద కింద పచ్చిక, పైన నీలం. మధ్యాహ్నం కదా, సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. అమ్మాయి ఏదో మీట నొక్కింది. నీలం మొత్తం ఎగిరిపోయింది. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు, చుట్టూ గుప్పెళ్ళతో చల్లినట్టు చుక్కలు!

"ఏం చేశావే?"

"గాలి తీసేశాను. గాలి లేకపోతే పగలు కూడా చుక్కలు కనిపిస్తాయి."

"మీ అమ్మ రోజూ నాకు గాలి తీస్తూనే ఉంది, నాకెప్పుడూ చుక్కలు..." అని ఆగాను. నిజానికి అప్పుడూ కనిపించాయి.

"ఎంతేమిటి ఇది?" అని వంటింట్లోంచి మా ఆవిడ.

"ఉచితమేనమ్మా. ఎవరైనా పెట్టుకోవచ్చు."

"ఉచితంగా వినిపించేవి ఈ ఇంట్లో ఇప్పటికే ఎక్కువయ్యాయి. ఇప్పుడు కనిపించేవి కూడానా?"

ఆమె అన్నదేదో అననీ, నాకు మాత్రం పిచ్చి పట్టుకుంది. అమ్మాయి బొమ్మలు గీస్తూ అలిసి పక్కకి జరిగితే చాలు, ఆ కుర్చీలో నేను. గుండ్రటి చుక్కని దగ్గరికి లాక్కుంటే దానికి ఉంగరం ఉంది. ఇంకో దానికి నాలుగు బుల్లి చంద్రుళ్ళు. కాలాన్ని వేగంగా తిప్పే మీట ఒకటుంది. దాని మీద చెయ్యేస్తే ఆరు నెలలు ముందుకి పోయాను. మళ్ళీ వెనక్కి తేవడానికి అమ్మాయిని పిలిస్తే, "అమ్మా, నాన్న చలికాలంలో ఇరుక్కుపోయాడు," అని కేక పెట్టింది.

"ఉండనీ," అంది మా ఆవిడ. "దుప్పటి అక్కర్లేదు కదా?"

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, పక్కవీధిలో దర్జీ. వీధి మొత్తానికి అతను 'కత్తెర'. మెడలో టేపు లేకుండా అతన్ని నేనొక్కసారి చూశాను, అతని పెళ్ళిలో. అతన్ని లాక్కొచ్చాను.

"రా కత్తెరా, పట్టపగలే చుక్కలు చూపిస్తాను."

"దానికింత దూరం రావాలా బావా? మా అక్క మీకు చూపిస్తుంటే వీధిలోంచి అందరం చూస్తున్నాంగా."

కూర్చున్నాడు. అరగంట లేవలేదు. "ఈ చంద్రుణ్ణి ఎవరు కత్తిరించారో గానీ, అంచు ఒక్క పోగు చెదరలేదు," అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

అప్పుడే అమ్మాయి మామూలుగా ఒక మాటంది. "ఇవాళ్టిదే కాదు మామయ్యా. తేదీ మారిస్తే ఏ రోజు ఆకాశమైనా చూపిస్తుంది. వందేళ్ళ కిందటిదైనా సరే."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

ఎందుకాగిందో చెప్పాలి. అమ్మాయి పుట్టిన రాత్రి నేను ఇంట్లో లేను. కాన్పు మరో వారానికని చెప్పారు. "ఎట్టి పరిస్థితుల్లోనూ వచ్చేస్తాను," అని మాటిచ్చి, దక్షిణాన కొండ దాటి ఉన్న ఫ్యాక్టరీ నుంచి కిటికీ అద్దాల లోడు తేవడానికి వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో కొండ మీద, పిట్టగోడ విరిగిన మలుపు దగ్గర, లారీ బరువు మోసే కమాను పట్టీ విరిగింది. బండెడు అద్దాలు వదిలి నడిచి పోలేను. ఫోను లేని రోజులు. తెల్లవారుజామున వాన వెలిసింది. సన్నటి చంద్రుడు, దాని కింద ఎర్రటి చుక్క. చూస్తూ ఉండగా చంద్రుడు చుక్క మీదకి వాలి, ఎడమ కొమ్ము పక్కన ఆ చుక్కని మింగేశాడు. ఓ పావుగంటకి కొమ్ము అవతల, వెలుతురే లేని ఖాళీలోంచి చుక్క టప్పున ఊడిపడింది. తెల్లారాక పట్టీ కింద చెక్క దిమ్మె పెట్టి తాడుతో బిగించి, మనిషి నడిచినంత మెల్లగా కొండ దిగి, డెబ్బై కిలోమీటర్ల అవతల సంత ఊళ్ళో వెల్డింగు చేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాను. అప్పటికి అమ్మాయి పుట్టి పన్నెండు గంటలైంది. తల్లి బతుకుతుందో లేదో అన్నారట, మధ్యలో ఒక గంట.

ఆ సంత ఊళ్ళో, వెల్డింగు కొట్టు పక్కనే పేకాట గది. కత్తెరకి తెలిసిన బట్టల వ్యాపారి ఒకడు ఆ గది ముందు నా లారీని చూశాడు. అంతే, రాత్రంతా నేనక్కడే పేకాడానని ఖాయమైపోయింది. పట్టీ అతికేలోగా ఒక్క ఆట ఆడిన మాట వాస్తవం. ఒక్కటే.

నేను ఊరుకున్నానా? నమ్మించాలని ఆ రాత్రికి ఏటేటా కాస్త రంగు పూశాను. ఐదో ఏడు ఎలుగుబంటిని తెచ్చాను. అద్దాల్లో తన మొహం తను చూసుకుని అది పారిపోయింది. పదో ఏడు, చుక్క బయటికొచ్చిన క్షణమూ అమ్మాయి పుట్టిన క్షణమూ ఒకటే చేశాను. నేను రంగు పూసినకొద్దీ ఆమె నమ్మకం వెలిసిపోయింది.

అమ్మాయి పుట్టినరోజు ఆ వానల్లోనే వచ్చింది. నలభై ఒకటి నిండాయి. ఏటా ఆ రోజున మా ఆవిడ ఒక జాబితా చదువుతుంది, ఆ ఏడూ చదివింది.

"ఆ రోజు మీ మామయ్య ఉన్నాడు. నర్సమ్మ ఉంది. ఆసుపత్రి వరండాలో పిల్లి కూడా ఉంది."

ఎవరు లేరో ఎప్పుడూ చెప్పదు. అవసరం లేదు కదా.

"అమ్మాయ్," అన్నాను, "ఆ తేదీ పెట్టు. తెల్లవారుజాము నాలుగు."

అమ్మాయి నా మొహం చూసింది, వాళ్ళమ్మ మొహం చూసింది. "నాన్నా, నిజంగా పెట్టనా?"

"పెట్టవే. ఇన్నాళ్ళకి సాక్షి దొరికాడు."

మా ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. అమ్మాయి తేదీ మార్చింది. తూర్పున సన్నటి చంద్రుడు. కింద ఎర్రచుక్క! దాని పక్కన తెలుగులో 'రోహిణి' అని రాసుంది.

"చూశావుటే! చూశావా! ఉందా లేదా!"

"ఉంది," అంది మా ఆవిడ. "మింగమనండి."

అమ్మాయి నిమిషం నిమిషం జరిపింది. చంద్రుడు వాలాడు. ఎడమ కొమ్ము చుక్క దగ్గరికొచ్చింది. ఇంకాస్త. ఇంకాస్త. చుక్క కొమ్ముకి బయటినుంచి, ఒంటికి తగలకుండా జారుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది.

మింగలేదు.

అమ్మాయి వెనక్కి తిప్పి మళ్ళీ నడిపింది. మళ్ళీ తగలకుండానే పోయింది.

మా ఆవిడ ఒక్క మాటంటే నేను పది మాటలు అందుకుని బతికిపోయేవాణ్ణి. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి టీ పెట్టింది. నా కప్పులో ఒక చెంచా పంచదార ఎక్కువ వేసింది, జబ్బు మనిషికి వేసినట్టు.

ఆ తర్వాత వారం రోజులు నేను నోరు తెరవలేదు. అవమానం పెద్ద సంగతి కాదు, నా తోలు లారీ టైరుతో సమానం. కానీ వేరే భయం పట్టుకుంది. ఎలుగుబంటిని పుట్టించినవాణ్ణి, చుక్కని కూడా నేనే పుట్టించానేమో! నలభై ఏళ్ళు చెప్పీ చెప్పీ, చూసిందేదో అల్లిందేదో నాకే తెలియకుండా పోయిందేమో! ఆ మలుపూ, ఆ చలీ, ఆ విరిగిన పిట్టగోడా తల్చుకుంటే అన్నీ కనిపిస్తున్నాయి. ఎలుగుబంటి కూడా అంత బాగానూ కనిపిస్తోంది. అదీ చిక్కు.

ఇంట్లో ఉండలేక సాయంత్రాలు కత్తెర కొట్లో కూర్చునేవాణ్ణి.

"బావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు కుట్టుమిషను ఆపి. "వచ్చి ఇరవై నిమిషాలైంది. ఒక్క కోత కూడా కొయ్యలేదు. కోతలన్నీ నేనే కోస్తున్నాను."

"కుట్టుకో నాయనా."

వాన ముసురు. చీకటి పడకుండానే చీకటైంది.

"వీధి దీపం ఇంకా వెయ్యలేదు చూడు," అన్నాను మాటవరసకి.

"వెలుగుతోందిగా."

"ఎక్కడ వెలుగుతోంది?"

"కళ్ళెదురుగా, బావా! మీకు చూపు కూడా పోయిందా?"

"నాకు చూపు పోవడమేమిటి, నీకే మతి పోయింది." కోపంగా లేచి అతని మిషను దగ్గరికెళ్ళాను. దీపం వెలుగుతోంది. వెనక్కొచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను. దీపం లేదు. గుమ్మంలో వేలాడేసిన కోటు చెయ్యి దానికి అడ్డం. అతను కూర్చున్న చోటికీ నా చోటికీ మధ్య మూరెడు దూరం, అంతే.

అలాగే స్టూలు మీంచి లేచాను, కూర్చున్నాను. లేచాను, కూర్చున్నాను.

"బావా?" అన్నాడు కత్తెర భయంగా. "అక్కని పిలవనా?"

ముప్ఫై నాలుగేళ్ళు లారీ తోలానని చెప్పానుగా. రోడ్డు మీద నీళ్ళ ట్యాంకు ఒక మైలురాయి దగ్గర కొండ చాటుకి పోతుంది, ఇంకో మైలురాయి దగ్గర బయటపడుతుంది. ట్యాంకు కదలదు, కొండా కదలదు. కదిలేది లారీ. ఈ సంగతి నాకు చదువు రాకముందే తెలుసు. తెలిసి కూడా ఆ రోజు అడగాల్సిన ఒక్క మాటా అడగలేదు.

వానలో గొడుగు కూడా లేకుండా ఇంటికి పరిగెత్తాను. పరిగెత్తాను అంటే, డెబ్బై రెండేళ్ళవాడు ఎంత పరిగెడతాడో అంత. సాగదీయట్లేదు.

"అమ్మాయ్! మొన్న మనం ఆకాశం చూసింది ఎక్కడ నిలబడి?"

"ఇక్కడే నాన్నా. ఇంట్లో."

"అది కాదే. ఆ పెట్టెలో ఊరు ఏం పెట్టావు?"

అమ్మాయి లాప్‌టాపు తెరిచి చూసింది. "మన ఊరే. వచ్చినప్పట్నుంచీ మన ఊరే ఉంది. నేను పుట్టింది ఇక్కడే కదా అని... నాన్నా! నువ్వు ఇక్కడ లేవు కదా!"

"అదేనే నలభై ఏళ్ళుగా మీ అమ్మ కూడా అంటోంది!"

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కోర్టు కూర్చుంది. కత్తెర కొట్టు మూసి వచ్చాడు. అమ్మాయి మ్యాపు తెరిచి కొండ రోడ్డు వెతికింది. నేను మలుపులు లెక్కపెట్టాను: కింద చెక్‌పోస్టు నుంచి పదకొండోది, ఎడమకి తిరిగేది. అమ్మాయి దాని మీద వేలు పెట్టి ఆ చోటి అక్షాంశం, రేఖాంశం అంకెలు రాసుకుంది.

"ఆగండి," అంది మా ఆవిడ. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. "ముందు ఎలుగుబంటి సంగతి తేలాలి."

"ఎలుగుబంటి లేదు," అన్నాను.

"అసలు లేదా?" అన్నాడు కత్తెర. "బావా, నా పిల్లలిద్దరూ ఆ ఎలుగుబంటి కథ వింటే గానీ నిద్రపోయేవాళ్ళు కాదు."

"కుక్క కూడా లేదు. నేనూ, లారీ, అంతే."

మా ఆవిడ తలూపింది. "ఇప్పుడు ఆ పేకాట ఊరు పెట్టు. కొండ తర్వాత."

మా ఆవిడ లాయరు కావాల్సింది. అమ్మాయి సంత ఊరు పెట్టింది. చంద్రుడు వాలాడు, కొమ్ము చుక్క పక్కకొచ్చింది. ఈసారి మరీ దగ్గర. నేను జీవితంలో మొదటిసారి చంద్రుణ్ణి మింగొద్దని వేడుకున్నాను. చుక్క అంచు పట్టుకుని పాకి, తప్పించుకుని పోయింది.

కత్తెర తెర దగ్గరికి వంగి చూశాడు. "సందుంది. సూదిలో దారం దూరేంత సందు. కానీ ఉంది."

"అంటే ఆ ఊళ్ళో కూర్చున్నవాడికి చుక్క మాయం కాదు," అంది మా ఆవిడ, ఒక్కో మాటా తూచి. "ఇప్పుడు కొండ."

అమ్మాయి అంకెలు కొట్టింది. నాలుగూ ఇరవై. చంద్రుడు వాలాడు. కొమ్ము వచ్చింది. చుక్క అంచుకి తగిలింది.

పోయింది.

ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా. నేను మాట్లాడలేదంటే మీరు నమ్మరు, కానీ సాక్షులున్నారు. అమ్మాయి నిమిషాలు జరుపుతోంది: ఇరవై ఐదు, ముప్ఫై. తెర మీద వట్టి కొమ్ము. ఎర్రచుక్క ఎక్కడా లేదు.

ముప్ఫై ఐదు దగ్గర మా ఆవిడ చెయ్యెత్తింది. వేలు తీసుకెళ్ళి కొమ్ము అవతల, ఏమీ లేని నల్లటి చోట ఆనించింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించలేదు. ముప్ఫై తొమ్మిది దగ్గర చుక్క ఆమె గోటి కిందనుంచి బయటికొచ్చింది.

నలభై ఒక్క ఏళ్ళు నమ్మలేదు గానీ, ఒక్క మాట మరిచిపోలేదన్నమాట.

కత్తెర మెడలో టేపు తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "ఆ బట్టల వ్యాపారి బతికుంటే," అన్నాడు, "ఇవాళ వాడికి చొక్కా కాదు, గోనెసంచి కుట్టేవాణ్ణి."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఒక్కటి మాత్రం ఉంది నాన్నా. నేను పుట్టింది నాలుగూ యాభైకి. చుక్క వచ్చింది ముప్ఫై తొమ్మిదికి. రెండూ ఒకే క్షణమని చెప్పావు ఇన్నాళ్ళూ."

"పదకొండు నిమిషాలు సాగదీశాను. తప్పే. క్షమించెయ్."

"నా చేతిలో ఏముంది? అమ్మని అడుగు."

అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మా ఆవిడ తెర వైపే చూస్తోంది. తల తిప్పకుండానే అంది:

"చలేసిందా?"

"ఆఁ?"

"కొండ మీద. వానలో తడిసి ఉంటారు కదా, చలేసిందా అని."

ఇన్నేళ్ళలో ఆ రాత్రి గురించి ఎవరూ అడగకుండానే ఎన్ని వందలసార్లు చెప్పానో! అడిగితే చెప్పడం అదే మొదటిసారి. ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"వేసింది," అన్నాను. "అద్దాల మధ్య పెట్టిన గడ్డి కొంచెం లాక్కుని కప్పుకున్నాను. తినడానికేమీ లేదు. నీకు నొప్పులొచ్చాయని తెలియదు. కానీ ఎందుకో నిద్ర పట్టలేదు. బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అప్పుడే వాన వెలిసింది."

ఇంకేం చెప్పాలో వెతుక్కున్నాను. చుక్క సంగతి చెప్పాను. దిమ్మె సంగతీ, తాడు సంగతీ చెప్పాను. ఒక్క ఆట సంగతి కూడా చెప్పాను. అంతే, అయిపోయింది. ఎలుగుబంటి లేకపోతే అది ఇంత చిన్న కథని నాకు అప్పటిదాకా తెలియదు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

మా ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుని, కొంగు సర్దుకుని, కాళ్ళు పైకి మడిచి తీరిగ్గా కూర్చుంది.

"మళ్ళీ చెప్పండి," అంది.